మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ: కొత్తగా చేరేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో వరి తెగుళ్ల మీద పనిచేసే చిన్న ల్యాబ్ మాది. ఏ ఏడాది చూసినా ఐదారుగురు పీహెచ్‌డీ స్కాలర్లు, ఒకరిద్దరు ప్రాజెక్ట్ అసిస్టెంట్లు, డిసర్టేషన్‌కి వచ్చిన ఎమ్మెస్సీ పిల్లలు ఉంటారు. కొత్తవాళ్లకు వచ్చే సందేహాలు ప్రతి ఏడాదీ దాదాపు అవే. కొందరు గైడ్‌నైన నన్నే అడుగుతారు. ఎక్కువమంది సీనియర్ అక్కనో అన్ననో క్యాంటీన్‌లో పట్టుకుని అడుగుతారు. అక్కడ సగం నిజం, సగం పుకారు దొరుకుతుంది. అందుకే నా జవాబులు ఇలా రాసిపెట్టాను. యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) నిబంధనలని చెప్పినవి అందరికీ వర్తిస్తాయి. మిగతావి మా ల్యాబ్ పద్ధతులు. పక్క ల్యాబ్‌లో వేరేలా ఉండొచ్చు.

చేరకముందే మిమ్మల్ని కలవాలా?

కలవండి. అంతకన్నా ముఖ్యంగా, నేను లేనప్పుడు వచ్చి నా స్కాలర్లను కలవండి. వాళ్లను మూడు మాటలు అడగండి. డ్రాఫ్ట్ ఇస్తే మేడమ్ ఎన్నాళ్లకు చదివి ఇస్తారు? ఆఖరున థీసిస్ ఇచ్చినవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది? మధ్యలో మానేసినవాళ్లు ఉన్నారా, ఎందుకు మానేశారు? ఈ మూడూ తెలిస్తే ఏ గైడ్ గురించైనా ముప్పాతిక వంతు తెలిసినట్టే. నా దగ్గర మానేసినవాళ్లు ఇద్దరు. ఒకరికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. రెండోవారికి నాతో పొసగలేదు. ఆ రెండో సంగతి నా స్కాలర్లు మీకు దాచకుండా చెప్పొచ్చని వాళ్లకు చెప్పే ఉంచాను.

ఖాళీ ఉందో లేదో కూడా ముందే కనుక్కోండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక సమయంలో ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4కి మించి ఉండకూడదు. నాకు 8 మంది వరకూ వీలున్నా ఆరుగురి దగ్గరే ఆపుతాను. ఏడో మనిషి రాసింది శ్రద్ధగా చదివే ఓపిక నాకు లేదని అనుభవం మీద తెలిసింది.

నేను బయోటెక్నాలజీ చదివాను. పొలం పని ఏమీ తెలియదు. పనికొస్తానా?

వస్తారు. మా పని ప్రధానంగా వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు మీద. ఆకు కొన నుంచి అంచుల వెంబడి పసుపుగా మారి, తర్వాత గడ్డిలా ఎండిపోతుంది. రైతు దాన్ని చూడగానే గుర్తుపడతాడు. మనం దాన్ని కావాలని రప్పించి కొలుస్తాం. బాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి, ఆకుల కొనలు రెండు మూడు సెంటీమీటర్ల మేర కత్తిరించి, రెండు వారాల తర్వాత ఎండిన మేర ఎంతో స్కేలు పెట్టి కొలవడం. ఇంత పెద్ద సబ్జెక్టుకు పనిముట్లు కత్తెర, స్కేలేనా అని మొదటి రోజు అందరూ నవ్వుతారు. మూడొందల ఆకులు వంగి కొలిచాక ఎవరూ నవ్వరు.

ఈ తెగులు మీద హైదరాబాద్‌కు మంచి చరిత్ర ఉంది. బాపట్లలో 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204) అన్నం మనందరికీ ఇష్టమే, కానీ ఆ రకానికి ఎండాకు తెగులంటే అసలు తట్టుకునే శక్తి లేదు. సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి అందులోకి మూడు నిరోధక జన్యువులను మార్కర్ల (జన్యువు ఉందో లేదో చూపే డీఎన్ఏ గుర్తుల) సాయంతో తెచ్చి, 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిగా విడుదల చేశాయి. అలా ల్యాబ్ గదిలో పీసీఆర్ (కావాల్సిన డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పరీక్ష) చేసిన చేతులే గట్టు మీద నిలబడి నారు చూడాలి. రెండింటిలో ఒకటే చేస్తానంటే మా ల్యాబ్ మీకు సరిపడదు.

ఎన్నేళ్లు పడుతుంది?

రూలు ప్రకారం కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6. రీ-రిజిస్ట్రేషన్ మీద ఇంకో 2 ఏళ్లు ఇవ్వొచ్చు. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి దాని మీద మరో 2 ఏళ్ల సడలింపు ఉంది.

మా ల్యాబ్‌లో మామూలుగా ఐదు, ఐదున్నర పడుతోంది. మూడేళ్లలో చేయిస్తానని ఎవరికీ మాటివ్వను. కారణం వరి. వానాకాలం ఒక పంట, యాసంగి ఒక పంట. ఒక రకాన్ని ఇంకోదానితో సంకరం చేస్తే మొదటి తరం గింజ చేతికి రావడానికి ఒక సీజన్, రెండో తరానికి ఇంకో సీజన్. నారుమడి పోసే పది రోజులు తప్పిపోతే మీరు పోగొట్టుకునేది పది రోజులు కాదు, ఆరు నెలలు. మిగతా ల్యాబుల్లో "వచ్చే వారం చేద్దాం" అనే మాట మామూలు. మా దగ్గర జూన్‌లో ఆ మాట వింటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

మొదటి ఏడాది నా నుంచి ఏం ఆశిస్తారు?

కొత్త రిజల్ట్ ఏదీ ఆశించను. కోర్స్‌వర్క్ పాసవ్వాలి: కనీసం 12 క్రెడిట్లు, 55 శాతం మార్కులు, అందులో రీసెర్చ్ ఎథిక్స్ పేపర్ తప్పనిసరి. ల్యాబ్‌లో మాత్రం, మా దగ్గర ఇప్పటికే తేలిన ఒక పాత ప్రయోగాన్ని మీ చేతులతో మూడుసార్లు చేసి, మూడుసార్లూ అదే ఫలితం రప్పించాలి. తట్టుకునే రకం తట్టుకోవాలి, తట్టుకోలేని రకం ఎండిపోవాలి. వినడానికి చిన్న పనే. చాలామందికి నాలుగు నెలలు పడుతుంది. ఆ నాలుగు నెలల్లో నేర్చుకునేది తర్వాత నాలుగేళ్లూ కాపాడుతుంది.

ఇంకొకటి: వారానికి రెండు పేపర్లు చదివి, ఒక్కోదాని గురించి ఐదారు వాక్యాలు రాయండి. ఆ పేపర్ మీద మీ అనుమానం ఏమిటో కూడా అందులో ఉండాలి. అచ్చయిందంతా నిజమనుకునే అలవాటు డిగ్రీ నుంచే మనకు ఉంటుంది, అది వదలడానికి టైం పడుతుంది. 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద చాలా జర్నళ్లు మనకు అందుబాటులోకి వచ్చాయి, కాబట్టి పేపర్ దొరకలేదన్న సాకు మునుపటిలా చెల్లదు.

రోజుకు ఎన్ని గంటలు ఉండాలి? ఆదివారాలు రావాలా?

ఇది అడగడానికి అందరూ మొహమాటపడతారు. కానీ అందరి మనసులో ఉండే మొదటి ప్రశ్న ఇదే.

పదకొండు నుంచి నాలుగు వరకు అందరూ ల్యాబ్‌లో ఉండాలి. ఆ వేళల్లోనే ఒకరికొకరు దొరకాలి, మెషిన్ పాడైతే చూపించుకోవాలి, నాతో మాట్లాడాలి. మిగతా గంటలు మీ ఇష్టం. తెల్లవారుజామున వచ్చి మూడు గంటలు నిశ్శబ్దంగా పనిచేసుకునేవాళ్లు ఉన్నారు, రాత్రి తొమ్మిదికి బుర్ర వెలిగేవాళ్లూ ఉన్నారు. నేను గంటలు లెక్కపెట్టను. రాత్రి పన్నెండు దాకా ల్యాబ్‌లో లైటు వెలిగితే పని జరుగుతున్నట్టేనని నేను అనుకోను. అందులో సగం ఏసీ కోసం, వైఫై కోసం.

మొక్కలకు మాత్రం ఆదివారం తెలియదు. నెట్‌హౌస్‌లో (వల కప్పిన మొక్కల షెడ్డులో) నీళ్లు పెట్టాలి, బాక్టీరియా కల్చర్ చూడాలి. అందుకు వంతుల పట్టిక ఉంది, ఆరు వారాలకు ఒక ఆదివారం మీ వంతు వస్తుంది. నేనూ ఆ పట్టికలో ఉన్నాను. ఆకులు కొలిచే రెండు వారాలు మాత్రం అందరూ అన్ని రోజులూ రావాల్సిందే. దానికి బదులు తర్వాత సెలవు తీసుకోండి.

సెలవులు: యూజీసీ ఫెలోషిప్‌కి ప్రభుత్వ సెలవులు కాక ఏడాదికి 30 రోజులు. అవి వాడుకోండి, మిగిల్చి నాకు చూపించక్కర్లేదు. సంక్రాంతికి ఆంధ్ర పిల్లలంతా ఊరెళ్తారు, బతుకమ్మకు, దసరాకు తెలంగాణ పిల్లలు వెళ్తారు. ఒకరి పండక్కి ఇంకొకరు నీళ్లు పెట్టే ఒప్పందం వాళ్లలో వాళ్లే చేసుకున్నారు. నేను పెట్టిన ఏ రూలూ ఇంత బాగా నడవలేదు.

మీతో ఎన్నాళ్లకోసారి మాట్లాడొచ్చు?

ఒక్కొక్కరికీ వారానికి ఒకసారి ముప్పావు గంట. ముందు రోజు సాయంత్రం నాకొక పేజీ పంపాలి: ఏం చేశారు, ఏం చెడింది, నేను ఏ నిర్ణయం చెప్పాలి. అందులో మూడోది ఖాళీగా వదిలేస్తే మీటింగ్ పది నిమిషాల్లో ముగిసిపోతుంది, అదీ మంచిదే. శనివారం పొద్దున ల్యాబ్ మీటింగ్, నెలకోసారి జర్నల్ క్లబ్. ప్రతి సెమిస్టర్‌లో మీ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పురోగతి చెప్పాలి, అది యూజీసీ రూలు. ఆ కమిటీని పరీక్షలా చూడకండి. నేను తప్పుదారి పట్టిస్తున్నానని మీకు అనిపిస్తే చెప్పుకోవడానికి అదే చోటు.

వాట్సాప్‌లో రాత్రి తొమ్మిది తర్వాత నేను మెసేజ్ పెట్టినా మీరు జవాబివ్వక్కర్లేదు. మర్చిపోతానని అప్పుడే పెడతాను, అంతే. మైనస్ ఎయిటీ డిగ్రీల ఫ్రీజర్ అలారం మోగితే మాత్రం ఎన్నింటికైనా ఫోన్ చేయండి.

ప్రయోగం ఫెయిలైతే వెంటనే చెప్పాలా, సరిచేసుకున్నాక చెప్పాలా?

వెంటనే. ఈ మొత్తంలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

కొన్నేళ్ల కిందట రెండో ఏడాది స్కాలర్ ఒకరు ఒక వరి లైను మీద పనిచేస్తున్నారు. మొదటి సీజన్‌లో అది తెగులును బాగా తట్టుకుంది. రెండో సీజన్‌లో సగం మొక్కలు తట్టుకున్నాయి, సగం ఎండిపోయాయి. తన చేతి తప్పేనని ఆయన అనుకున్నారు. కల్చర్ మార్చి చూశారు, కత్తెర మార్చి చూశారు, మళ్లీ కుండీల్లో పెంచి చూశారు. ప్రతి వారం నాకు "జరుగుతోంది మేడమ్" అనేవారు. నేనూ సరేననేదాన్ని. ఇలా ఐదు నెలలు గడిచాయి. చివరకు నిద్ర పట్టక ఒక సీనియర్ అక్కతో చెప్పుకుంటే, ఆమె ఆ మొక్కల ఆకులు తీసుకుని తెగులును తట్టుకునే శక్తినిచ్చే ఎక్స్‌ఏ21 జన్యువుకు వాడే పీటీఏ248 మార్కర్‌తో పీసీఆర్ పెట్టారు. సాయంత్రానికి జెల్ (డీఎన్ఏ ముక్కలను గీతలుగా విడదీసి చూపే పలక) మీద తేలిపోయింది. సగం మొక్కల్లో ఆ జన్యువే లేదు. నూర్పిడి రోజున వాన పడి లేబుళ్లు తడిశాయి, రెండు సంచుల గింజలు కలిసిపోయాయి. ఒక్క రోజులో దొరికే జవాబు కోసం ఐదు నెలలు పోయాయి, ఈలోపు నారుమడి పోసే అదను కూడా దాటింది.

ఎందుకు చెప్పలేదని అడిగితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఆ సమస్య మొదలవడానికి ముందు వారమే ల్యాబ్ మీటింగ్‌లో ఇంకొకరి ఫెయిలైన బ్లాట్ (డీఎన్ఏనో ప్రోటీన్‌నో పొర మీదకు ఎక్కించి చూసే పరీక్ష) చూసి నేను "ఎమ్మెస్సీ పిల్లలు కూడా దీన్ని చేస్తారు" అన్నానట. నాకు ఆ మాట గుర్తే లేదు. ఆ గదిలో ఉన్న ఏడుగురికీ గుర్తుంది.

అప్పటి నుంచి రెండు మార్చాం. ప్రతి సీజన్‌లో నారు పోసే ముందు ప్రతి లైనుకూ మార్కర్ చూస్తాం. శనివారం మీటింగ్ "ఈ వారం ఏం చెడింది?" అన్న ప్రశ్నతో మొదలవుతుంది, మొదట నేను చెబుతాను. గ్రాంటు రాలేదని, రివ్యూలో తిట్టారని, ఏదో ఒకటి. వారంలో ఏమీ చెడలేదన్నవాళ్లను చూస్తే నాకు అనుమానం వస్తుంది.

రిజల్ట్ చెడిందని ఎవర్నీ ఏమీ అనను. చెడినదాన్ని గ్రాఫ్‌లో నుంచి తీసేసినా, జెల్ ఫొటోలోని బ్యాండ్‌ని (గీతని) కంప్యూటర్‌లో నలుపు చేసినా మాత్రం అక్కడితో మన దారులు వేరు. ఈ రెండింటి మధ్య తేడా ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

నోట్‌బుక్ తప్పనిసరా? కంప్యూటర్‌లో రాసుకుంటే చాలదా?

బౌండు పుస్తకం, పెన్ను, పేజీ నంబర్లు, తేదీ. తప్పు రాస్తే ఒక గీత కొట్టండి, వైట్‌నర్ వద్దు. కంప్యూటర్‌లో ఫొటోలు, డేటా ఉంచుకోండి, కానీ ఆ రోజు ఏం చేశారో పుస్తకంలో ఉండాలి. పుస్తకం ల్యాబ్‌ది, వెళ్లేటప్పుడు ఇక్కడే వదిలి జెరాక్స్ తీసుకెళ్లండి. "కుండీ 14 పక్కన నీళ్లు నిలిచాయి" లాంటివి తెలుగులో రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. రెండేళ్ల తర్వాత ఆ వింత రిజల్ట్‌కు కారణం అలాంటి వాక్యంలోనే దొరుకుతుంది.

పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్‌లో పేపర్ రాయగలనా?

నేనూ జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదివాను. ల్యాబ్ మీటింగ్ ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది, ఎందుకంటే ఒడిశా నుంచి, కేరళ నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టి మనం తెలుగులో మాట్లాడుకోవడం మర్యాద కాదు. నాతో విడిగా మాట్లాడేటప్పుడు మీ ఇష్టం.

రాయడం గురించి నాకు తెలిసిన ఉపాయం ఒకటే. మొదట మా పొలం పని చూసే పెద్దాయనకు మీ ప్రయోగం తెలుగులో చెప్పండి. ఎందుకు చేశారు, ఏమొచ్చింది, దాంతో ఏం తేలింది. ముప్పై ఏళ్లుగా వరి చూస్తున్న మనిషి ఆయన, అడ్డు ప్రశ్నలు గట్టిగా వేస్తారు. ఆయనకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మీ తలలో విషయం తేటపడినట్టు. ఆ తర్వాత ఇంగ్లిష్‌లో చిన్న చిన్న వాక్యాలు రాయండి. మొదట మెథడ్స్, తర్వాత రిజల్ట్స్, ఇంట్రడక్షన్ ఆఖరున. వ్యాకరణం నేనో, ఏ సాఫ్ట్‌వేరో సరిచేస్తుంది. అయోమయాన్ని ఎవరూ సరిచేయలేరు.

ఏఐ టూల్స్ గురించి ఈమధ్య అందరూ అడుగుతున్నారు. భాష దిద్దుకోవడానికి వాడండి, వాడినట్టు నాకు చెప్పండి, జర్నల్ అడిగితే అక్కడా చెప్పండి. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగకండి. లేని పేపర్లను పేజీ నంబర్లతో సహా పుట్టించి ఇస్తుంది. మీరు తెరిచి చదవని పేపర్ మీ జాబితాలో ఉండకూడదు.

డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకు చూస్తారు?

పదిహేను రోజులు. నా పీహెచ్‌డీలో మా గైడ్ నా డ్రాఫ్ట్‌ను ఏడు నెలలు బల్ల మీద ఉంచుకున్నారు. నేను ఎప్పటికీ అలా చేయనని ఒట్టు పెట్టుకున్నాను. తర్వాత ఒక స్కాలర్ డ్రాఫ్ట్‌ను పదకొండు వారాలు ఉంచుకున్నాను, ఆమె పోస్ట్‌డాక్ దరఖాస్తు గడువు ఆలోపే దాటిపోయింది. నాక్ (విశ్వవిద్యాలయాలకు గ్రేడ్లు ఇచ్చే సంస్థ) పనులు, పరీక్షల పనులు అని కారణాలు చెప్పాను. కారణాలు నిజమే, ఆమెకు జరిగిన నష్టమూ నిజమే. కాబట్టి పదహారో రోజున "మేడమ్, పదిహేను రోజులు దాటాయి" అని మెసేజ్ పెట్టండి. క్షమాపణలు, నమస్కారాలు జోడించక్కర్లేదు.

పేపర్‌లో ఎవరి పేరు ముందు ఉంటుంది?

పని మొదలుపెట్టిన రోజే కాగితం మీద రాసుకుంటాం. పని మారితే పేర్ల వరుస మళ్లీ మాట్లాడుకుంటాం. ప్రయోగం ఆలోచించడంలోనో, చేయడంలోనో, డేటా విశ్లేషణలోనో గట్టి పాలు ఉండాలి, రాతలో పాలుపంచుకోవాలి, ఆఖరి డ్రాఫ్ట్ చదివి ఒప్పుకోవాలి, రేపు ప్రశ్న వస్తే జవాబు చెప్పగలగాలి. ఇవన్నీ ఉంటేనే పేరు. మెషిన్ ఇచ్చినందుకు, హెడ్ అయినందుకు, స్నేహితుడైనందుకు పేరు ఉండదు. వాళ్లకు చివర్లో కృతజ్ఞత చెబుదాం. నా పేరుకూ ఇదే కొలత.

శిష్యుడి పేరు నిలవదని దిగులుపడేవాళ్లకు నేను చెప్పేది మన భీమవరం మనిషి సంగతి. యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉండగా, 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది 1930లో. ఆ పద్ధతిని ఈనాటికీ ఫిస్కే–సుబ్బారో పద్ధతి అనే అంటారు. మీలో బయోకెమిస్ట్రీ వాళ్లు దాన్ని ప్రాక్టికల్స్‌లో చేసే ఉంటారు, పేరులో సగం మన ఊరిదని తెలియకుండా.

పేపర్ లేకుండా థీసిస్ ఇవ్వొచ్చా?

యూజీసీ 2016 నిబంధనల్లో ఒక పేపర్, రెండు కాన్ఫరెన్స్ ప్రెజెంటేషన్లు తప్పనిసరి. 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. కొన్ని విశ్వవిద్యాలయాలు తమ సొంత రూలు ఉంచుకున్నాయి, మీ ఆర్డినెన్స్ (విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ నిబంధనల పత్రం) చదువుకోండి. నా మాట అడిగితే, ఒక మంచి పేపర్‌ను కనీసం రివ్యూకి పంపి, వచ్చిన కామెంట్లకు జవాబు రాసిన అనుభవం ఉండాలి. యాక్సెప్ట్ అవ్వడం మన చేతిలో లేదు, దాని కోసం థీసిస్ ఆపను.

డబ్బులిస్తే వారంలో వేసే పత్రికలకు పంపొద్దు. నమ్మదగిన పత్రికల జాబితాగా ఉన్న యూజీసీ కేర్ లిస్ట్‌ను 2025లో ఎత్తేశారు, ఇక ఏది మంచిదో మనమే తేల్చుకోవాలి. సులువైన పరీక్ష: మీరు చదివే పేపర్లు ఏ పత్రికల్లో వస్తున్నాయో చూడండి.

థీసిస్‌లో సిమిలారిటీ (ఇతరుల రాతతో పోలిక) ఎంత ఉండొచ్చు?

10 శాతం లోపు. యూజీసీ 2018 రూలు ప్రకారం 10 నుంచి 40 వరకు ఉంటే సరిదిద్ది ఆరు నెలల్లో మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పదాలు మార్చి శాతం తగ్గించే విద్య నా దగ్గర ప్రయత్నించకండి. చదివితే తెలిసిపోతుంది.

ఫెలోషిప్ ఎంత? ఆలస్యమైతే?

2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000. హాస్టల్‌లో లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. మొత్తం ఐదేళ్లు. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేనివాళ్లకు ఇచ్చేది 8,000. హైదరాబాద్‌లో దాంతో నెల గడవదని నాకు తెలుసు, అందుకే నెట్ మళ్లీ రాయడానికి సెలవు ఎప్పుడు అడిగినా ఇస్తాను.

ఆలస్యాలు జరుగుతాయి. మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. హాజరు, ప్రోగ్రెస్ రిపోర్టు మీద నా సంతకం ఆగి ఆలస్యమైతే అది నా తప్పు. ప్రతి నెలా ఆఖరి వారంలో వచ్చి నా బల్ల ముందు నిలబడండి. పైనుంచే ఆగితే ఇద్దరం కలిసి ఉత్తరాలు రాద్దాం. అద్దె కట్టలేని పరిస్థితి వస్తే లోన్ యాప్‌ల జోలికి వెళ్లకముందు చెప్పండి. ల్యాబ్ ప్రాజెక్టులో చట్టబద్ధంగా ఏమైనా చేయగలమేమో చూస్తాను.

మీ సొంత పనులు చెబుతారా?

చెప్పను. మా ఇంటి కరెంట్ బిల్లు, మా అబ్బాయి స్కూలు, నా పరీక్ష పేపర్ల దిద్దుడు, ఏవీ మీ పని కాదు. రూలు ప్రకారం వారానికి 4 నుంచి 6 గంటలు ప్రాక్టికల్స్‌లో సాయం చేయమనొచ్చు. అది మీ రెజ్యూమేలో రాసుకునే అనుభవం.

అందరి ముందు తిడతారా?

గొంతు పెంచిన రోజులు ఉన్నాయి. ఒకసారి ఫ్రీజర్ తలుపు సరిగ్గా వేయక పదేళ్ల స్టాక్స్ కరగబోయినప్పుడు, ఇంకోసారి నా తప్పుకు వేరేవాళ్ల మీద. ఆ రెండోదానికి మరుసటి శనివారం మీటింగ్‌లోనే అందరి ముందూ క్షమాపణ చెప్పాను. తిట్టింది అందరి ముందైతే క్షమాపణ గదిలో చెప్పడం కుదరదు కదా.

ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పెళ్లయితే పీహెచ్‌డీ ఏమవుతుంది?

ఏమీ కాదు. నడుస్తుంది. మహిళా స్కాలర్లకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు ఉంది. పెళ్లి వల్లో, మరే కారణంతోనో వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, రూల్స్ ప్రకారం డేటాతో సహా అక్కడి విశ్వవిద్యాలయానికి మారవచ్చు. అయితే ఆ పని ఇక్కడి గైడ్‌కో విశ్వవిద్యాలయానికో నిధుల సంస్థ ఇచ్చిన ప్రాజెక్టులోది కాకూడదు, అప్పటివరకు జరిగిన పనికి ఇక్కడి గైడ్‌కు, విశ్వవిద్యాలయానికి తగిన గుర్తింపు ఇవ్వాలి. గర్భిణిగా ఉన్నప్పుడు ఇథీడియం బ్రోమైడ్ లాంటి హానికర రసాయనాలు ముట్టుకోనివ్వను, ఆ పని ఇంకొకరు చేస్తారు. మీరు డేటా చూడండి, రాయండి.

"అమ్మాయి చదువు ఎప్పటికి అవుతుందండీ" అని నాన్నగార్లు నాకు ఫోన్ చేస్తుంటారు. మీరు ఒప్పుకుంటేనే వాళ్లతో మాట్లాడతాను. మాట్లాడినా తేదీ మాత్రం మీకు చెప్పిందే చెబుతాను. మగపిల్లలకు ఈ ఫోన్లు రావు. వాళ్ల నాన్నగార్లు ఉద్యోగం ఎప్పుడని వాళ్లనే అడుగుతారు.

గైడ్‌ని మార్చుకోవచ్చా? మధ్యలో మానేయొచ్చా?

రెండూ చేయొచ్చు. మొదటి ఏడాదిన్నరలో అయితే నష్టం తక్కువ. కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి, నేను అడ్డుపడను, మీ డేటా మీరు చేసినంతవరకు మీ పేరుతోనే ఉంటుంది. నాతో పొసగక వెళ్లిన స్కాలర్ ఇప్పుడు వేరే గైడ్ దగ్గర బాగా పనిచేస్తున్నారు. కారిడార్‌లో ఎదురుపడితే పలకరించుకుంటాం.

ల్యాబ్‌లో ఎవరైనా ఇబ్బందిగా ప్రవర్తిస్తే?

లైంగిక వేధింపు అయితే ఇంటర్నల్ కమిటీకి, ఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. ముందు నాకు చెప్పాలన్న రూలేమీ లేదు. ఫిర్యాదు నా మీదే అయినా అక్కడికే వెళ్లండి. సీనియర్లు అక్క, అన్న అనిపించుకుంటారు కాబట్టి వాళ్లు ఏం చెప్పినా చేయాలని అనుకోవద్దు. వాళ్ల గాజుసామాను మీరు కడగక్కర్లేదు.

మనసు బాగోలేదు. పని మీద ధ్యాస లేదు. మీకు చెప్పొచ్చా?

చెప్పండి. నేను డాక్టర్‌ని కాదు, కానీ సెలవు ఇవ్వగలను, గడువు జరపగలను, ఆస్పత్రికి తోడు రాగలను. నాకు చెప్పడం ఇష్టం లేకపోతే క్యాంపస్ కౌన్సెలర్ ఉన్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మీటింగ్ రోజు దాకా ఆగకండి, అర్ధరాత్రైనా ఫోన్ చేయండి. మూడో, నాలుగో ఏడాదిలో దాదాపు అందరికీ "ఇదంతా ఎందుకు" అనిపిస్తుంది. అదంతా జబ్బు కాదు. కానీ నిద్ర, తిండి పోయి వారాలు గడుస్తుంటే మామూలే అని వదిలేయొద్దు.

తర్వాత ఉద్యోగం?

హైదరాబాద్ చుట్టూ విత్తన కంపెనీలు ఉన్నాయి, బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ ఉంది. మా ల్యాబ్ నుంచి వెళ్లినవాళ్లలో పాఠాలు చెప్పేవాళ్లకన్నా కంపెనీల్లో ఉన్నవాళ్లే ఎక్కువ, నాకు అందులో చిన్నతనం ఏమీ కనిపించదు. రెకమెండేషన్ లెటర్ కావాలంటే మూడు వారాల ముందు చెప్పండి. మీరే రాసి తెస్తే సంతకం పెట్టను, నేనే రాస్తాను. బాగా రాయలేననిపిస్తే ముందే చెప్పేస్తాను, వేరేవాళ్లను అడుక్కోవడానికి టైం ఉంటుంది.

మీరు రిటైరైతే మా సంగతేంటి?

సర్వీసు మూడేళ్లలోపు మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. నాకింకా చాలా ఉంది.

పుట్టినరోజు కేకు ల్యాబ్‌లో కోయొచ్చా?

సెమినార్ గదిలో కోసుకోండి, నన్నూ పిలవండి. మిగిలిన కేకును ఎంజైముల ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. పోయినసారి పెట్టినవాళ్లెవరో ఇంకా తేలలేదు.